పరామర్శకు తెరవని తలుపు

తవీల్ ఊరు, సోహాగ్ దగ్గర
షాబాన్ నెల, పదో రోజు

అమ్మా సనియ్యా,

రిఫాయీని జైల్లోంచి వదిలేశారు. ముందు సలాం చెప్పి తర్వాత సంగతి రాయాలని నాకూ తెలుసు, కానీ ఆగలేకపోయాను, ఏమనుకోకు. నీకూ అల్లుడికీ నా మనవరాలు నిహాల్‌కూ సలాములు, దీవెనలు, ముద్దులు. మీ అమ్మ మోకాలు నొప్పి అలాగే ఉంది. ఇక మళ్ళీ అసలు సంగతికి వస్తున్నాను. రిఫాయీని వదిలేశారు తల్లీ. మన వంతు నీళ్ళు మన మడికి మళ్ళించినందుకు, పట్టపగలు కాలువ గట్టు మీద మీ అన్న బహీగ్ మెడ మీద పారతో వేసి చంపినవాడు. పదకొండేళ్ళు సర్కారు గోడల వెనక దాక్కున్నవాడు. నిన్న మధ్యాహ్నం రైలు దిగి, చేతిలో మూటతో, వాళ్ళ ఇంటిదాకా నడుచుకుంటూ వెళ్ళాడట. మీ అద్వీ బాబాయి సంత మధ్యలో వదిలేసి పరుగెత్తుకొచ్చి చెప్పాడు. సర్కారు ఇన్నాళ్ళూ వాడికి అన్నం పెట్టి మేపింది మనకోసమే అన్నాడు. నేను నవ్వాను. దవడలు నొప్పి పుట్టేదాకా నవ్వాను. ఇంతగా నవ్వి ఎన్నేళ్ళయిందో నీకు తెలుసు.

చెరుకు ఇంకా కొట్టలేదు. మనిషి నిలబడితే తలపాగా కూడా కనపడనంత ఎత్తుంది. మిల్లు బళ్ళు రాకముందే పని అయిపోవాలి, తోట బోడిగా అయ్యాక కాపు కాయడానికి చోటుండదు. తుపాకీ విప్పి తుడిచి నూనె పెట్టాను. హమ్దాన్‌కు ఇరవై ఒకటి నిండాయి, అన్న రక్తం అడగడానికి సరైన వయసు. సంగతి చెప్పినప్పటి నుంచీ వాడు మాట్లాడటం లేదు. సంతోషం ఎక్కువైతే మనిషికి మాట రాదు కదా.

గుర్తుందా, మీ అన్నను పాతిపెట్టి వచ్చిన రోజు ఊరు ఊరంతా పరామర్శకు వచ్చింది. నేను గుమ్మంలో నిలబడి, రక్తం తీరేదాకా ఈ ఇంట్లో ఓదార్పు మాట వినపడకూడదని తలుపు వేసేశాను. పందిరి లేదు, ఖురాన్ చదివే షేక్ లేడు, చక్కెర లేని కాఫీ లేదు. మీ అమ్మను శోకం పెట్టనివ్వలేదు. ఇక ఆ తలుపు తెరుస్తానమ్మా. రంజాన్ పండగలోపే తెరుస్తాను. సంతోషంతో అక్షరాలు వంకర పోతున్నాయి, కూడబలుక్కుని చదువుకో.

నీ నాన్న,
తమ్మామ్


అలెగ్జాండ్రియా
షాబాన్, పద్దెనిమిదో రోజు

నాన్నకు, సలాం.

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. వద్దని చెప్పి బతిమాలను. బతిమాలితే మీరు చింపేస్తారని తెలుసు. రెండే రెండు అడుగుతాను.

హమ్దాన్ మాట్లాడటం లేదని రాశారు. అది సంతోషమని మీకెలా తెలిసింది? వాడు చెప్పాడా?

రెండోది. నేను నర్సుగా పనిచేసే ఆసుపత్రిలో గురువారాల్లో ఒక డాక్టరమ్మ కొంతమందిని కూర్చోబెట్టి మాట్లాడిస్తుంది. చేయి లేచాక పట్టుకోలేం, లేవకముందు పట్టుకోవాలి అంటుంది. కోపం ఒంట్లో ఎక్కడో ఒకచోట ముందుగా మొదలవుతుందట. ఒకళ్ళకు దవడలో, ఒకళ్ళకు అరచేతుల్లో. అది చూసుకోవడం వచ్చినవాళ్ళకు దాని కింద ఇంకేదో ఉందని తెలుస్తుందట. భయమో, అవమానమో, దిగులో. రిఫాయీ పేరు తలుచుకున్నప్పుడు మీకు ఎక్కడ మొదలవుతుందో చూసి రాయండి. ఇది పందెం అనుకోండి. మీకు పందేలంటే ఇష్టం కదా.

ఇంకో మాట. ఈ పండక్కి అమ్మను కహ్క్ బిస్కెట్లు చేయనివ్వండి. పదకొండేళ్ళుగా మన పొయ్యికి పండగ లేదు. నెయ్యి పోసిన పిండి పిసికి, ఖర్జూరం ముద్ద కూరి, అచ్చు వేసుకుంటూ కూర్చుంటే ఆమె ప్రాణానికి కొంచెం తెరిపి. ఆమె చేతులకు ఆ పని ఇవ్వండి నాన్నా.

మీ కూతురు,
సనియ్య


తవీల్
రంజాన్, మూడో ఉపవాసం

అమ్మా సనియ్యా,

నీ ఉత్తరం మీ బాబాయికి చదివి వినిపించాను. కింద పడి దొర్లాడు. అలెగ్జాండ్రియాలో జనం దవడలో కోపం వెతుక్కుంటారా, మా కోపం ఎక్కడుందో మాకు తెలుసు, గోడకు వేలాడుతోంది, నూనె కూడా పెట్టాం అని రాయమన్నాడు. రాశాను. నువ్వు నవ్వి ఉంటావు, నవ్వు, నీ నవ్వు నాకు ఇష్టం.

హమ్దాన్‌ను రెండుసార్లు చెరుకులోకి తీసుకెళ్ళాను. మొదటిసారి రిఫాయీ రాలేదు. రెండోసారి గాడిద మీద వచ్చాడు, మాకు ఇరవై అడుగుల దూరంలో. ముసలాడైపోయాడమ్మా, ఈ వయసుకే గడ్డం నెరిసింది, నీళ్ళ దగ్గర గాడిదను ఆపి దానితో ఏదో మాట్లాడుతున్నాడు. నేను హమ్దాన్ మోచేతిని తట్టాను. వాడు తుపాకీ ఎత్తలేదు. పక్కకు తిరిగి వాంతి చేసుకున్నాడు, ఆ పూట ఉపవాసం కూడా పోయింది. రిఫాయీ వెళ్ళిపోయాక హమ్దాన్‌ను అక్కడే కొట్టాను. మొదట చేత్తో, తర్వాత చెరుకు గడతో. గడ విరిగింది. వాడు చేయి అడ్డం పెట్టుకోలేదు, ఆడదానివిరా నువ్వు అన్నాను. ఇంటికి వచ్చాక మీ అమ్మ వాడి వీపుకు వేడినీళ్ళ గుడ్డ పెట్టింది. నాతో మాట్లాడటం మానేసింది. నేనూ బతిమాలలేదు.

ఇక నీ పందెం. నేను ఓడిపోయే రకం కాదు, అందుకే చూశాను. గాడిద మీద వాడిని చూసినప్పుడు నా దవడ బాగానే ఉంది. అరచేతులు బాగానే ఉన్నాయి. ఇక్కడ, గొంతులో, కంఠం కింద గుంట ఉంటుందే, అక్కడ మొదలైంది. ఎముక అడ్డం పడ్డట్టు. గుటక వేసినా దిగలేదు, కక్కుదామన్నా రాలేదు. అది కోపమే, ఇంకేమీ కాదు. నీ డాక్టరమ్మకు చెప్పు, తవీల్‌లో కోపం గొంతులో పుడుతుందట అని. ఇది ఎవరికీ చూపించకు.

కహ్క్ సంగతి మీ అమ్మ అడిగింది. చేసుకో అన్నాను. పండగలోపు రక్తం ఎలాగూ తీరుతుంది, అప్పటికప్పుడు పిండి కలపడం ఎందుకు, సిద్ధంగా ఉండనీ అనుకున్నాను.

నీ నాన్న


అలెగ్జాండ్రియా
రంజాన్, పద్నాలుగో రోజు

నాన్నకు,

చెరుకు గడ విరిగిందని రాశారు. అది చదివి మీకు ఒక సంగతి రాయాలని కూర్చున్నాను. మూడు కాగితాలు పారేశాను.

నేను ఆ గురువారాలకు నర్సుగా వెళ్ళడం లేదు. ఆ కుర్చీల్లో కూర్చునేవాళ్ళలో నేనూ ఒకదాన్ని. ఒకరోజు నిహాల్ పాలగిన్నె ఒలకబోసింది. ఆరేళ్ళ పిల్ల. చేయి పట్టుకుని లాగి గోడకు కొట్టాను. మణికట్టు విరిగిన చప్పుడు నాకు వినిపించింది, విని కూడా ఇంకో దెబ్బ వేశాను. కట్టు కట్టే డాక్టరుకు మెట్ల మీద నుంచి పడిందని చెప్పాను. ఎంత తేలిగ్గా చెప్పానో. జ్వరం వచ్చి హమ్దాన్ ఎడమ చెవి పోయిందని మనింట్లో అందరం చెప్పే మాటలాగే వచ్చింది నోట్లోంచి.

నిహాల్ ఏడవలేదు నాన్నా. నా మొహం చూసి ఏడుపు మింగేసింది. ఆ మింగడం నాకు తెలుసు. మా అందరికీ తెలుసు. దాని నాన్న నాతో, ఇంకోసారి చేయెత్తితే పిల్లను తీసుకుని వెళ్ళిపోతాను అన్నాడు. అరవకుండా అన్నాడు.

మీకు బోధించడానికి నాకు అర్హత లేదు. నేర్చుకుంటున్నాను. ఇప్పటికి నలభై రోజులు. రెండుసార్లు చేయి లేచింది, రెండుసార్లూ వంటింట్లోకి వెళ్ళి నిలబడ్డాను. మీ గొంతులో ఉన్నది కోపం కాదేమోనని నా అనుమానం. నేను పక్కన లేను, చెప్పలేను.

సనియ్య


తవీల్
పండగ మూడో రోజు

అమ్మా సనియ్యా,

హమ్దాన్ బతికాడు. ముందు ఆ మాట చదువుకుని, కూర్చుని, మిగతాది చదువు. తొడలో తూటా. ఎముకకు తగల్లేదు. ఆసుపత్రిలో గుడ్డ కట్టి పంపారు, పాలు తాగుతున్నాడు, నన్ను విసుక్కుంటున్నాడు, అల్లాహ్‌కు వేయి దండాలు.

పండగ ముందురోజు మీ అమ్మ పొద్దున్నే పొయ్యి రాజేసింది. నెయ్యి వాసన, కాలిన పిండి వాసన, వీధి చివరిదాకా వెళ్ళింది. పక్కింటి పిల్లలు గోడ ఎక్కి చూశారు. నాకు సంతోషంగానే ఉంది. ఒక్కసారి కూడా తట్టలేదమ్మా, డెబ్బై ఏళ్ళ మొద్దును. రక్తం తీరని ఇంట్లో పండగ పిండి ఎప్పుడు కలుపుతారు? రక్తం తీరినప్పుడు. ఈ ఊళ్ళో పాలు తాగే పిల్లకు కూడా తెలిసిన సంగతి. మన పొగ చూసిన ప్రతివాడూ తమ్మామ్ పని ముగించాడనే అనుకున్నాడు. అదే రోజు రిఫాయీ అన్న కొడుకు చెరుకు బండితో మిల్లుకు వెళ్ళి, రావాల్సిన వేళకు రాలేదు. ఆ ఇంట్లో ఆడవాళ్ళు ఆ రెండూ కలుపుకుని గుండెలు బాదుకున్నారు.

సాయంత్రం అస్ర్ నమాజు అయ్యీ అవకముందే ఆ కుర్రాడి తమ్ముళ్ళిద్దరు తుపాకులతో మన వీధిలోకి వచ్చారు. హమ్దాన్ డాబా మీద పావురాలకు గింజలు వేస్తున్నాడు. మీ అమ్మ కింద, వాడి ఎడమవైపు నుంచి చూసి, పడుకోరా అని కేక పెట్టింది. మళ్ళీ పెట్టింది. వాడికి ఆ వైపు వినపడదు కదా. మూడో కేక సగంలో ఉండగా తూటా తగిలింది. పావురాలన్నీ ఒక్కసారి లేచాయి. వాడు గింజల మీద పడ్డాడు.

గోడ మీది తుపాకీ ఎప్పుడు తీశానో తెలియదు. వీధిలోకి వెళ్ళేసరికి రిఫాయీ ఉన్నాడు. చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చి ఆ ఇద్దరి తుపాకుల గొట్టాలూ రెండు చేతుల్తో కిందికి నొక్కి, బండి ఇరుసు విరిగిందిరా, వాడు మిల్లు దగ్గరే ఉన్నాడురా, బతికే ఉన్నాడురా అని అరుస్తున్నాడు. నేను తుపాకీ మడమతో రిఫాయీ నోటి మీద కొట్టాను. పళ్ళు ఊడి నా చొక్కా మీద పడ్డాయి. మళ్ళీ కొట్టాను, భుజం దగ్గర ఎముక ఎండుపుల్లలా విరిగింది. కింద పడ్డాడు. గొట్టం తిప్పి వాడి మెడ మీద పెట్టాను, మీ అన్నకు పార తగిలిన చోటే. వాడు చేతులు ఎత్తలేదు. నోట్లో రక్తంతో, “ఆపకు పెదనాన్నా, కానియ్యి” అన్నాడు.

అప్పుడు గొంతులో ఎముక వచ్చిందమ్మా. అదే చోట. నీ మాట గుర్తొచ్చింది, దరిద్రపు మాట, అలాంటప్పుడా గుర్తుకు రావడం. తుపాకీ మీట నొక్కుదామని వేలు పెట్టాను. వేలు కదలకముందే గొంతులోంచి ఏదో చప్పుడు బయటికి వచ్చింది. ఎక్కడో ఎద్దు అరుస్తోందనుకున్నారట పక్క వీధివాళ్ళు. అది నేనే. వీధి మధ్యలో కూలబడి, శత్రువుల ముందు, నా తమ్ముడి ముందు, బహీగ్, బహీగ్ అని ఏడ్చాను. ఎంతసేపో తెలియదు. మీ అమ్మ వచ్చి తుపాకీ తీసుకుంది. ఆమె కూడా అక్కడే దుమ్ములో కూర్చుంది.

పోలీసులు వచ్చారు. పావురాలను వేటాడుతుంటే గురి తప్పిందని రెండిళ్ళవాళ్ళమూ ఒకే మాట చెప్పాం.

మీ బాబాయి నా మొహం చూడటం లేదు. ఆడదానిలా ఏడ్చావు, వంశం తల ఎక్కడ పెట్టుకోవాలి అన్నాడు. ఉన్నచోటే ఉంది, మొండెం మీద, అక్కడే ఉండనీ అన్నాను.

నువ్వు నిహాల్ సంగతి దాచకుండా రాశావు. నేనూ రాస్తాను. హమ్దాన్ చెవి పోయింది జ్వరం వల్ల కాదు. మీ అన్నను పూడ్చి వచ్చిన రోజు వాడు తలుపు వెనక నిలబడి ఏడుస్తున్నాడు. పదేళ్ళవాడు. ఆపమన్నాను. ఆపలేకపోయాడు. ఆపేదాకా కొట్టాను. చెవిలోంచి రక్తం వచ్చాక ఆపాడు. నువ్వు ఆ గదిలోనే ఉన్నావు, నీకు తెలుసు. తెలిసినా ఇన్నేళ్ళు జ్వరమనే అన్నావు, నా పరువు కోసం. వాడి చెవి బాగుంటే మీ అమ్మ మొదటి కేక వినేవాడు.

నీ నాన్న


అలెగ్జాండ్రియా
షవ్వాల్ నెల, పదో రోజు

నాన్నా,

కహ్క్ నా తప్పు. పొగకు అర్థం ఉంటుందని పుట్టినప్పటి నుంచీ తెలిసినదాన్ని, సముద్రం పక్కన ఏడేళ్ళు ఉండి మర్చిపోయాను. అమ్మకు తెరిపి అని రాశాను. హమ్దాన్ తొడలో ఉన్న గాయం వెనక నా చేయి కూడా ఉంది. అమ్మ ఈ మాట ఒప్పుకోదు, మీరు ఒప్పుకోండి. తప్పు ఒప్పుకుంటే పక్కవాళ్ళు వెంటనే కాదనకూడదని గురువారాల్లో నేర్పారు.

హమ్దాన్ చెవి సంగతి మీరు రాసింది చదివిన రోజు నిహాల్ తనంతట తనే వచ్చి నా ఒళ్ళో పడుకుంది. అంతకంటే ఎక్కువ రాయలేను.

ఇప్పుడు పెద్దలు మధ్యవర్తిత్వానికి వస్తారు. యుద్ధమో, రాజీయో ఏదైనా కానివ్వండి. కానీ హమ్దాన్ తరఫున మీరు జవాబు చెప్పకండి. వాడిని అడగండి. కుడివైపు కూర్చుని అడగండి.

సనియ్య


తవీల్
జుల్ ఖాదా నెల, ఐదో రోజు

అమ్మా, నా బంగారు తల్లీ, సనియ్యా,

మనం బహీగ్‌కు పరామర్శ తీసుకుంటున్నాం. ఈ నెల ఆఖరి శుక్రవారం. పందిరి గుడ్డ, కుర్చీలు మాట్లాడేశాను, షేక్‌ను గిర్గా నుంచి పిలిపిస్తున్నాను, గొంతు బాగుంటుందట, జనాన్ని ఏడిపిస్తాడట, అలాంటివాడే కావాలన్నాను. నా అంత సంతోషంగా ఉన్న తండ్రి ఈ జిల్లాలో ఇవాళ లేడు. పిచ్చివాడనుకుంటున్నారు. అనుకోనీ.

ఎలా జరిగిందో చెబుతాను. హాజీ ఇద్రీస్, ఇంకో ఐదుగురు పెద్దలు వచ్చారు. రిఫాయీ తన కఫన్, అంటే శవానికి చుట్టే గుడ్డ, రెండు చేతుల మీద పెట్టుకుని వస్తాడు, ప్రాణం నీ చేతుల్లో పెడతాడు, తీసుకుంటావో వదిలేస్తావో నీ ఇష్టం అన్నారు. నేను హమ్దాన్‌ను అడిగి చెబుతానన్నాను. అద్వీ మూతి తిప్పుకున్నాడు. ఇంటి పెద్దవు నువ్వా, నీ కొడుకా అని హాజీ ఇద్రీస్ నవ్వాడు. ఇంకా నలభై ఏళ్ళు బతకాల్సినవాడు వాడు, నేను కాదు అన్నాను.

లోపలికి వెళ్ళి కుడివైపు కూర్చున్నాను. అడగడం చేతకాలేదమ్మా. ముందు వాతావరణం గురించి మాట్లాడాను. తర్వాత తొడ గురించి. వాడే నాకేసి చూసి, ఏం కావాలి నాన్నా అన్నాడు. నీకేం కావాలిరా అన్నాను. దుప్పటి అంచులోంచి ఒక దారం పీకాడు.

“నాకు భయం నాన్నా,” అన్నాడు. “చెరుకులోనే కాదు. పదేళ్ళప్పట్నుంచీ భయమే. పెద్దయ్యేకొద్దీ తుపాకీ పట్టాల్సిన రోజు దగ్గరకొస్తోందని, పుట్టినరోజు రాకూడదని మొక్కుకునేవాణ్ణి. రిఫాయీ అంటే భయం లేదు. నువ్వంటే భయం.”

ఆ మాట మీద చేయి లేచింది. అబద్ధం చెప్పను నీతో, లేచింది. వాడు కళ్ళు మూసుకున్నాడు. నేను ఆ చేతిని కిందికి దించి దాని మీద కూర్చోవాల్సి వచ్చింది. గొంతులో ఎముక. ఆగాను. సరే అన్నాను. చెవి సంగతి చెప్పాను, పేరు పెట్టి, జ్వరం కాదు, నేను అని. తెలుసు అన్నాడు. క్షమించమని అడిగాను. ఇంకా చూడాలి అన్నాడు. అదే న్యాయం. ఎప్పుడో చెప్పమని కంగారు పెట్టను. రిఫాయీని మాత్రం రమ్మను, ఇంక చెరుకులో నక్కి కూర్చోవడం నావల్ల కాదు అన్నాడు.

నిన్న వచ్చాడు. వట్టి కాళ్ళు, బోడి తల, కట్టు కట్టిన భుజం, ఊరంతా రెండు వైపులా. కఫన్ గుడ్డ నా ముందు చాచాడు. నేను తీసుకోకుండా హమ్దాన్‌ను చూశాను. వాడు కర్ర ఊతంతో కుంటుకుంటూ వచ్చి ఆ గుడ్డ అందుకుని, నాలుగు మడతలు పెట్టి నాకిచ్చాడు. వాడి ప్రాణానికి బదులు పొట్టేలును కోశాం. అద్వీ కోయనన్నాడు, తర్వాత మెడ మీద కత్తి సరిగా పడలేదని నన్ను తిట్టి తనే కోశాడు. ఇవాళ పొద్దున నాతో మాట్లాడాడు, తిట్టడమే అనుకో.

ఇప్పుడు వీళ్ళందరికీ నువ్వు కబురు పెట్టాలి. నా అక్షరాలు ఎవరికీ అర్థం కావు, నీవి ముత్యాలు.

అఖ్మీమ్‌లో మా అక్క జుమానాకు. ఆ రోజు ఆమెను గుమ్మంలోంచి తోసేశాను, మోచేయి గీరుకుపోయింది. నేను రాయలేక నీతో రాయిస్తున్నానని కూడా రాయి.

సూయజ్‌లో మీ అమ్మ అన్న మర్జూఖ్ మామయ్యకు. ఓడలో పని ఉందంటాడు. చెల్లెలు ఏడవడానికి పక్కన మనిషి కావాలని రాయి, వస్తాడు.

మలావీలో మా పిన్ని కొడుకులు ముగ్గురికి. వాళ్ళు తిండికి వస్తారు, రానీ.

వార్దియ్యాకు. బహీగ్‌కు నిశ్చయమైన పిల్ల, గుర్తుందిగా. ఇప్పుడు నలుగురి తల్లి. ముందు ఆమె భర్తకు మర్యాదగా రాయి. ఆమె ఏడవడానికి ఇన్నేళ్ళు చోటు లేదు.

అల్లుడికి. అరవకుండా చెప్పినవాడు, అతన్ని నా పక్క కుర్చీలో కూర్చోబెడతాను. నిహాల్‌ను తీసుకురా. పందిట్లో అది ఏడిస్తే ఎవరూ ఊరుకోమనరు.

చివరగా సాబ్రీనా పెద్దమ్మకు. రిఫాయీ తల్లి. ఆమెకు నువ్వు రాయనక్కర్లేదు, నేనే వెళ్ళి తలుపు తడతాను. ఆమె మన బంధువేమిటి అని నువ్వంటావు. మీ అన్న పుట్టినప్పుడు మీ అమ్మకు జ్వరం వచ్చి పాలు పడలేదు. రిఫాయీ అప్పటికి నెల పిల్లాడు. ఒక రొమ్ము వాడికీ ఒక రొమ్ము మన బహీగ్‌కూ ఇచ్చి నలభై రోజులు సాకింది. ఆ సంగతి నీకు ఎవరూ చెప్పలేదు, చెప్పనివ్వలేదు నేను. పదకొండేళ్ళ క్రితం ఆమె కూడా మన తలుపు దాకా వచ్చింది. పాలు తాగిన కొడుకు పోయాడు, కన్న కొడుకు జైలుకు పోయాడు, ఆమెను ఎవరూ పరామర్శించలేదు. బంధువుల్లోనే రాసుకో.

నీ నాన్న,
తమ్మామ్